ముగ్గులో గీచిన మోటారు ఇల్లు

మా యర్రగొండపాలెము ప్రయాణికులు దిగు ఊరు గాదు, దాటు ఊరు. ఉత్తరమున మాచర్ల మీదుగా నాగార్జునసాగరమునకు, దక్షిణమున మార్కాపురమునకు, తూర్పున త్రిపురాంతకమునకు, పడమట దోర్నాల మీదుగా శ్రీశైలమునకు ఇచ్చటినుండి దారులు పోవుచున్నవి. త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి గనుక, అచ్చటి స్వామిని సేవించి నల్లమల ఎక్కువారు పెక్కురు మా వీధినే పోవుదురు. మహాశివరాత్రి దినములలో అరుగుపై గూర్చున్నచో బస్సులు, లారీలు, ట్రాక్టరులు, ఆటోలు, పైన పరుపుచుట్టలు గట్టిన జీపులు వరుసగా కనబడును. మా అత్తగారి చిన్ననాట గూడుబండ్లు పోయెడివట. వెదురుబద్దలు వంచి చాప గప్పిన గూడు, లోపల గడ్డిమీద బొంత, ఇరుసు క్రింద వ్రేలాడు లాంతరు, వెనుక గట్టిన నీళ్లకుండ. ఆ బండిలో బిడ్డకు పాలీయవచ్చును, నడుము వాల్చవచ్చును, కావలసినచోట ఆపుమని చెప్పవచ్చును. బస్సునందు ఈ మూడును లేవు.

దోర్నాల వద్ద అటవీశాఖవారి గేటు రాత్రి 9 గంటలకు మూయుదురు. పులులు తిరుగు అడవి గావున మరునాటి ఉదయము వరకు ఘాటురోడ్డుపై బండ్లు పోరాదు. వేళ తప్పినవారు ఎక్కిన బండిలోనే తెల్లవారునంతవరకు ఉండవలెను. మగవారు రోడ్డుప్రక్క దుప్పటి పరచుకొని నిద్రించెదరు. ఆడువారి సంగతి అడుగువారు లేరు. ఏ మాట చెప్పుటకు నేనింత చుట్టు తిరుగుచున్నానో చదువరులైన సోదరీమణులు ఈపాటికే గ్రహించియుందురు. మా అత్తగారు ప్రయాణమన్నచో ముందటి సాయంకాలమునుండియే నీళ్లు మానివేయుదురు. ఆమె తల్లియు అట్లే చేసెడివారట. నేనును చేసితిని. మన యిండ్లలో దీనిని ఒకరికొకరు నేర్పినట్లు కనబడదు, చూచి నేర్చుకొనుటయే.

గత వేసవిలో మా కుటుంబము సముద్రములు దాటి న్యూజీలాండు దేశమున 30 దినములు ఒక మోటారు ఇంటిలో తిరిగివచ్చినది. ఆ దేశపు సొగసును వర్ణించు వ్యాసములు చాల కలవు. నేను వ్రాయదలచినది ఆ ఇంటిని ఎన్నుకొన్న విధమును గూర్చి. నేడు మన జిల్లాలనుండి బిడ్డలను చూడ విదేశములకు పోవు తల్లులు, అత్తలు ఎందరో కలరు. అచ్చటి పిల్లలు వేడుకగా "క్యాంపర్ వ్యాను తీసికొందము, మోటార్‌హోము తీసికొందము" అని బొమ్మలు చూపుదురు. ఆ బొమ్మలలో సూర్యాస్తమయము, సరస్సు, రెండు మడతకుర్చీలు ఉండును. వంట చేయునదియు, రాత్రి లేచునదియు ఉండరు.

మా నాన్నగారి యొద్ద ప్రబంధములతోపాటు నేను చదివిన వచనగ్రంథములలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర యొకటి. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. పల్లకీలు, బోయీలు, డేరాలు, సుమారు నూరుమంది పరివారము వెంట నుండిరి. గ్రంథము 1838లో అచ్చయినది. అందు ఆయన ప్రతి మజిలీకి నీళ్లెట్టివో, దుకాణములున్నవో లేవో, దిగుటకు వసతి యెట్టిదో వ్రాయుచు పోయిరి. చిన్నతనమున నాకది విసుగు పుట్టించెడిది. మోటారు ఇంటిని ఎన్నుకొనవలసివచ్చినప్పుడు ఆ మజిలీల లెక్కయే నాకు గుర్తు వచ్చినది. వాహనము ఎంత వేగముగా పోవునని ఆయన ఎచ్చటను మురియలేదు. దిగిన చోట రాత్రి ఎట్లు గడచునన్నదే ఆయన విచారము.

మా బావగారు ఆక్లండు నగరమున ఉద్యోగము చేయుచున్నారు. మామగారు పోయినది మొదలు అత్తగారిని రమ్మని ఆయన పిలుచుచునే యుండిరి. అత్తగారికి మోకాళ్ల నొప్పి. రాత్రివేళ మూడుమారులైనను లేవవలెను. "ఎవరిని లేపుదును? ఎచ్చటికి పోదును? నేను రాను" అని మూడేండ్లు దాటవేసిరి. ఈమారు మా యింటివారికి బడి సెలవులు ఏప్రిలు తుదినుండి జూను రెండవ వారము వరకు గలవు. మా చిన్నవానికి తొమ్మిదేండ్లు. నలుగురము పోవుట నిశ్చయమైనది. బావగారు నాలుగు పడకల బండి బొమ్మను, నేలపటమును పంపి, "మీరు నలుగురు, పడకలు నాలుగు. సరిపోయినది గదా!" అని వ్రాసిరి. ఆయనయు మా తోడికోడలును పాపతో పది దినములు తమ కారులో వెంటవచ్చి, విడుదులలో గది తీసికొనునట్లు ఏర్పాటు.

అచ్చట అద్దెకు దొరకు బండ్లు స్థూలముగా మూడు తరగతులు. మొదటిది మన యిస్కూలు వ్యానువంటిది. పగలు కూర్చున్న బల్లయే రాత్రి పడక, వంటపొయ్యి వెనుక తలుపు తెరచినచో ఉండును, లోపల నిలువరాదు. యౌవనులైన దంపతులకు చాలును. రెండవది అదేవంటి వ్యానే గాని పైకప్పు ఎత్తైనది. లోపల నిలువవచ్చును, చిన్న స్నానపుగది యుండును, ఇద్దరు ముగ్గురు పట్టుదురు. మూడవది లారీవంటి ముందు భాగముపై పెట్టెవలె గట్టిన ఇల్లు. డ్రైవరు తలపై ముందునకు పొడుచుకొనివచ్చిన అటకమీద ఒక పడక, వెనుక కిటికీలచుట్టు బల్లలు, అవి కలిపినచో మరియొక పడక, నడుమ వంటిల్లు, స్నానపుగది. దీనిలో నాలుగు పడకలవి, ఆరు పడకలవి గలవు. ఆరు పడకలదానికి డ్రైవరు వెనుక ఒక భోజనపు బల్లయు దానికిరువైపుల ఆసనములును అదనము. అవి మడచినచో మూడవ పడక యగును. ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని పుష్పకమును గూర్చి చెప్పుదురు. ఈ అద్దెబండ్ల ప్రకటనలు వ్రాయువారు ఆ కథ వినినవారే యని తోచును.

నేలపటము కాగితముమీద చూచుటకు అందముగానే యుండెను. ఎంత చూచినను నాకు లెక్క తేలలేదు. ఒకనాటి సాయంకాలము ముంగిట కళ్లాపి చల్లి, టేపు పట్టి, 23 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుగా ముగ్గుపిండితో ఆ బండిని గీచితిని. లోపల పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, స్నానపుగది, వెనుక బల్లలు, అన్నియు కొలతప్రకారము వేసితిని. ఇరుగుపొరుగువారు ఏ వ్రతమోయని చూచిపోయిరి. అటుపిమ్మట మేము నలుగురమును ఆ ముగ్గులో ప్రవేశించి ఒక రాత్రి గడచినట్లు నటించితిమి. అటకకు బదులు ఒక బల్ల వేసి దానిపై తండ్రీకొడుకులు పరుండిరి. వెనుకభాగమున నేనును అత్తగారును.

అప్పుడు తెలిసిన సంగతులు ఏ ప్రకటనలోను లేనివి. నాలుగు పడకల బండిలో కూర్చుండుటకున్నది ఆ వెనుక బల్లలే. అవి కలిపి పడక వేసినంతసేపు ఇంటిలో మరెవ్వరికిని కూర్చుండు చోటు లేదు. అత్తగారు తొమ్మిదికి పరుండవలెనన్నచో అందరును తొమ్మిదికి పరుండవలెను. పడక అడ్డముగా పడును గనుక లోపలివైపున నున్నవారు లేవవలెనన్నచో బయటివారిని దాటవలెను. ఉదయము కాఫీ పెట్టుటకు మొదట లేచునది నేను. నేను లేచి, అత్తగారిని లేపి, పడక మడచిన గాని పళ్లెము పెట్టుటకు తావు లేదు. ఇంటిలో మొదట లేచునదెవరో ఆ పటము గీచినవాడు ఎరుగడు. అత్తగారు ముగ్గులో రెండుమారులు లేచి నడచి, మూడవమారు నా కాలు తొక్కి, "ఇదిగో, ఇందుకే రానన్నాను" అని బయటికి వచ్చివేసిరి.

మరునాడు ముంగిలి కడిగి ఆరు పడకల బండిని గీచితిని. ఇది రెండడుగులు పొడవెక్కువ. ముందరి భోజనపు బల్లను పడకగా మార్చక అట్లే యుంచితిమి. వెనుక బల్లలను కలుపక, నడుమ సందు విడిచి, చెరియొకవైపున ఒక్కొక్కరము పరుండితిమి. లేచినచో కాళ్లు నేలను తాకును, మూడడుగులలో స్నానపుగది, ఎవరిని దాటనక్కరలేదు. అత్తగారు లేచి, నడచి, తిరిగివచ్చి, ఏమియు అనక పరుండిరి. బావగారికి ఆ రాత్రియే వ్రాసితిని: "నలుగురికి ఆరు పడకలది కావలెను." ఆయన ఆశ్చర్యపడి, అద్దె తేడా ఇంతయని లెక్క వేసి పంపిరి. తేడా చిన్నది గాదు. మా యింటివారి జీతమున నెలకు మిగులు సొమ్మును బట్టి చూచిన పెద్దదే. మేము క్వీన్స్‌టౌనులో ఎక్కవలెననుకొన్న హెలికాప్టరును మానుకొంటిమి. చిన్నవాడు ఒకపూట అలిగెను. పడకల సంఖ్యనుండి రెండు తీసివేసి మిగిలినదే మనుష్యుల సంఖ్యయని ఇప్పుడు అడిగినవారికెల్ల నేను చెప్పుచున్నాను.

ఇంతటితో చిక్కు తీరలేదు. ముగ్గులో పొయ్యికి ఎదురుగా గీచిన చిన్నగది యేమిటని అత్తగారు అడిగిరి. చెప్పితిని. ఆమె మాటాడలేదు. పొయ్యికిని మరుగుదొడ్డికిని నడుమ రెండు మూరలైనను లేవు. అరువదియెనిమిదేండ్లు మడి తప్పని మనిషి. మా పెరటిలోనే ఆ గది బావికి ఆవల నుండవలెనని పట్టుపట్టి కట్టించినవారు. ఏ వసతి ఆమె ప్రయాణమునకు ఆధారమో, అదియే ఆమె భోజనమునకు అడ్డమైనది. మా యింటివారు "విదేశమున ఇవన్నియు చూచుకొందురా?" యనబోగా నేను సైగ చేసి ఆపితిని. ఆచారమును నవ్వినంతమాత్రమున అది వదలిపోదు. మనిషి మాత్రము ప్రయాణము మానుకొనును. రెండు దినములు గడచిన పిమ్మట ఆమెయే వంటింటి గడపలో నిలిచి, "ఆ గదికి గట్టి తలుపున్నదా, తెరయేనా? లోపల గడియ యున్నదా?" అని అడిగిరి. గట్టి తలుపే, గడియ యున్నదని చెప్పితిని. "అయితే సరే. మడి తెల్లవారి కట్టుకొనవచ్చునే అమ్మాయీ. రాత్రి ఆగదు గదా!" అనిరి. వంటమాత్రము బయట చేయవలెనని షరతు పెట్టిరి.

అది అసాధ్యము గాదు. ఆ దేశమున ప్రతి ఊరను బండ్లవారికొరకు సొమ్ము తీసికొని చోటిచ్చు విడుదులు గలవు. వానిని హాలిడే పార్కులందురు. కరెంటు తీగ, వేడినీళ్ల స్నానము, బట్టలుతుకు యంత్రములు, అందరికిని కలిపి పెద్ద వంటశాల యుండును. రెండు దినములకొకమారు అట్టి విడిదిలో దిగి ఆమెకు వేరు గిన్నెలలో వండితిని. నడుమ దినములలో అటుకులు, పేలపిండి, పండ్లు, పాలు. బండిలోపల పోపు వేయుట మాత్రము ఎవరును తలపెట్టకుందురు గాక. పొగ కనిపెట్టు యంత్రమొకటి కప్పుకు బిగించియుండును. ఆవాలు చిటపటలాడుటకు ముందే అది కేకలు పెట్టును. మైక్రోవేవు పొయ్యి విడిదిలో కరెంటు తగిలించినప్పుడే పనిచేయును. గ్యాసుపొయ్యి ఎచ్చటనైనను వెలుగును. ప్రెషరు కుక్కరును ఇంటినుండి కొనిపోతిమి. ఆహారపదార్థములను గూర్చి ఆ దేశపు శాసనము కఠినము. తేనె, విత్తనములు, పచ్చి కాయలు, ఆకులు కొనిపోరాదు. తక్కినవి ఏవైనను, పొడి డబ్బాయైనను, ఊరగాయయైనను, విమానము దిగునప్పుడిచ్చు పత్రములో చెప్పి చూపవలెను. చెప్పక దాచినచో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

నీటి లెక్క మాకెవరును నేర్పనక్కరలేదు. మా సీమలో వేసవిలో ట్యాంకరు వచ్చు దినమే పండుగ. శ్రీశైల జలాశయమునుండి నల్లమల క్రింద సొరంగములు త్రవ్వి నీళ్లు తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ నీటి మాట వినుచునే మా తరము పెరిగినది. కాబట్టి బండి ట్యాంకులో ఎన్ని లీటర్లని బావగారు చెప్పగానే బిందెలుగా మార్చుకొంటిని. 90 లీటర్లనగా మా యింటి బిందెలు ఆరు. ఆరు బిందెలతో నలుగురు రెండు దినములు ఎట్లు గడపవచ్చునో యర్రగొండపాలెపు ఇల్లాలికి తెలియును. తెలియనిది ఆక్లండులో పెరిగిన మా తోడికోడలి పాపకు. మంచినీళ్లు నింపుకొను ట్యాంకు ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్లు చేరునది మరియొకటి. ఇవి గాక మరుగుదొడ్డి క్రింద, బయటినుండి లాగితీయు ఒక పెట్టె యుండును. మురికినీళ్లను, ఆ పెట్టెను ఊరూర నిర్ణయించిన చోటులందే వంచవలెను. రోడ్డుప్రక్క వంచరాదు.

ఆ పెట్టెను మోసి వంచు పని ఎవరిదో బయలుదేరకముందే తేల్చుకొనవలెనని సోదరీమణులకు నా విన్నపము. ఎక్కిన పిమ్మట అడిగినచో ఆ పని ఎవరిదగునో మీకు తెలిసినదే. నేను యర్రగొండపాలెములోనే, ముగ్గులో నిలుచుండి, అది మా యింటివారి పనియని ఒప్పించితిని. వారు పిల్లలకు పాఠము చెప్పునంత శ్రద్ధగా దానిని 30 దినములును నెరవేర్చిరి.

శాసనమును గూర్చి కొంత చెప్పవలెను. విడుదులలో దిగక బయలు ప్రదేశములలో రాత్రి నిలుపుకొనుటకు అచ్చట అనేక స్థలములలో అనుమతి గలదు. అయితే 2023 జూన్ 7నుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టము ప్రకారము, బండిలో మరుగుదొడ్డి స్థిరముగా బిగించినదై యుండవలెను. పడక పరచియున్నప్పుడు కూడ దానిని వాడుటకు వీలుండవలెను. అట్టి బండికి పచ్చని పత్రమిత్తురు. ఎత్తుకొనిపోవు చిన్న డబ్బా చాలదు. మనిషికి దినమునకు 4 లీటర్ల చొప్పున మూడు దినముల నీళ్లు పట్టు వసతియు నుండవలెను. బండి అద్దెకు తీసికొనునప్పుడు ఆ పచ్చని పత్రము చూపుమని అడుగుట మరువరాదు. మేము ముగ్గులో కనుగొన్న సంగతినే శాసనకర్తలును కనుగొనిరని మా యింటివారు పరిహాసమాడిరి.

ఋతువును గూర్చియు యోచింపవలెను. మనకు రోహిణికార్తె యెండలు కాయునప్పుడు ఆ దేశమున ఆకురాలు కాలము ముగిసి చలికాలము ప్రవేశించును. వారి వేసవి మన పుష్య మాఘములలో. ఉపాధ్యాయుల కుటుంబములకు ఆ వేసవి దొరకదు. అద్దె తక్కువగుట యొక్కటే లాభము. మే తుదికి దక్షిణద్వీపమున సాయంకాలము ఐదు దాటగానే చీకటి. కావున బండిలోని వెచ్చదనపు యంత్రము దేనితో నడచునని అడిగితిమి. కొన్నింటిలో అది విడిదిలో కరెంటు తగిలించినప్పుడే పనిచేయును. బయట నిలిపిన రాత్రి దానివలన ప్రయోజనము లేదు. డీజిలుతోగాని గ్యాసుతోగాని నడచునది కావలెను. ఇంజనుకు ఒక బ్యాటరీ, ఇంటి దీపములకు వేరొక బ్యాటరీ యుండుటయు చూడవలెను.

తక్కినవి మగవారు చూచుకొనిరి గాని, తెలిసినంత చెప్పుదును. వాహనములు మనవలెనే ఎడమవైపున నడచును. మన ఆంధ్రదేశపు డ్రైవింగు లైసెన్సు ఆంగ్లములో నున్నచో చెల్లును. 6,000 కిలోల బరువువరకు కారు లైసెన్సే చాలును. బండి 3,500 కిలోలు మించినదైనచో గంటకు 90 కిలోమీటర్లకు మించి పోరాదు. డీజిలు బండ్లకు నడచిన దూరమును బట్టి వేయి కిలోమీటర్ల లెక్కన వేరే రహదారి సుంకము. అది అద్దెలో చేరినదో లేదో ముందుగా కనుగొనవలెను. వెల్లింగ్టనునుండి పిక్టనుకు బండితోకూడ ఓడలో దాటవలెను, మూడున్నర గంటలు. రుసుము బండి పొడవును బట్టి యుండును. ఓడ ఎక్కకముందు గ్యాసు కట్టివేయవలెను. తొంబది మైళ్ల బీచి, క్వీన్స్‌టౌను దగ్గరి స్కిప్పర్సు దారి వంటి చోటులకు అద్దెబండ్లను పోనీయరు. బండి కొని, తిరిగి, మరల అమ్మివేయువారును గలరు. ఆరు నెలలుండువారికి అది మేలు, నెలదినములకు తలనొప్పి.

బండి నడచుచున్నంతసేపు ప్రతివారును బెల్టు గట్టుకొని కూర్చుండవలెను, పడకమీద పరుండరాదు. కాబట్టి అత్తగారు పగలు కూర్చుండునది ఎచ్చటయని నేను ముందే అడిగితిని. భోజనపు బల్ల వెనుక, ముందునకు తిరిగిన ఆసనము, ప్రక్కన పెద్ద కిటికీ. అది ఆమె స్థానమైనది. బండి మెట్టుమాత్రము ఆమెకు ఎత్తు. ఆక్లండులోనే ఒక పొట్టిపీట కొని మెట్టు క్రింద వేసితిమి.

మొదటి నాలుగు దినములు ఆమె అలవాటుమానలేదు. రొటోరువాలో భూమినుండి ఉడుకునీళ్లు, గంధకపు పొగలు ఎగయుట చూచిరి, టౌపో సరస్సు చూచిరి; గ్లాసు నీళ్లిచ్చినచో పెదవి తడిపి పెట్టివేసిరి. నేను బలవంతపెట్టలేదు. రాత్రులందు ఆమె లేచుట వినుచుంటిని. దీపపు మీట, తలుపు, గడియ, తిరిగి తలుపు. నన్ను లేపలేదు. ఓడ దాటి, కైకౌరా తీరము వెంబడి క్రైస్టుచర్చికి పోయి, అచ్చటినుండి టెకాపో సరస్సునకు పోయితిమి. ఆ ప్రాంతమున రాత్రి దీపములను తగ్గించి ఆకాశమును కాపాడుదురు. 2012నుండి అది చీకటి ఆకాశపు రక్షితప్రాంతము. సగము రాత్రివేళ తలుపు చప్పుడు విని కన్ను తెరచితిని. అత్తగారు శాలువ కప్పుకొని, బయటి తలుపు తెరచి, పీటమీద కాళ్లు పెట్టి మెట్టుపై గూర్చుండి ఆకాశము చూచుచున్నారు. చలి కొరుకుచుండెను. "పొద్దుపోయినది, లోపలికి రండి" యంటిని. "ఈ పక్క నక్షత్రములు మన ఊరిలో కనబడునవి గావు" అనిరి. ఆమె చెప్పినది నిజమే. దక్షిణాకాశమున కొన్ని మన యక్షాంశమునకు అగపడవు.

టీఆనౌనుండి మిల్ఫర్డు సౌండుకు 120 కిలోమీటర్ల దారి. దోర్నాలనుండి శ్రీశైలమునకు మన ఘాటు సుమారు 50 కిలోమీటర్లు. దానికి రెండింతలకు మించిన దూరము, నడుమ ఊరు లేదు, పెట్రోలు బంకు ఉన్నదని నమ్మి బయలుదేరరాదు. చలికాలమున చక్రములకు గొలుసులు వెంటనుంచుకొనవలెనని ఆజ్ఞ. కొండను తొలిచిన హోమరు సొరంగము 1954లో తెరవబడినది. మిల్ఫర్డులో ఏటికి 6 మీటర్లకు పైగా వాన కురియును. మా యూర సామాన్యముగా ఒక్క మీటరు నిండుట అరుదు. ఆనాడును వానయే. సొరంగము దాటగానే కొండలనిండ జలపాతములు, ఒకటి యని కాదు, చూచినచోటనెల్ల నీళ్లు. అత్తగారు కిటికీకి మొగము ఆనించి చాలసేపు చూచి, వెనుకకు తిరిగి, "అమ్మాయీ, దాహముగా నున్నది. మంచినీళ్లీయి" అనిరి. ఉదయము పదిగంటలు, దారి నడుమ. ఆమె ప్రయాణములో నోరుతెరచి నీళ్లడుగుట పదునాలుగేండ్ల కాపురములో నేను వినుట అదే మొదటిసారి. నిండుగ్లాసు త్రాగి మరల చేయి చాచిరి. ముప్పావుగంట తరువాత బండి ఆపుమనిరి. మా యింటివారు రోడ్డుప్రక్క చోటు చూచి ఆపిరి, ఆమె లేచి మూడడుగులు నడచిరి. అంతే.

తిరుగుదారిలో మా తోడికోడలు ఫోనున, "ఏమి చెల్లీ, హెలికాప్టరు ఎక్కితిరా?" యని అడిగినది. చిన్నవాడు ఫోను లాగికొని, లేదు గాని తాను 30 రాత్రులు అటకమీద నిద్రించితినని గొప్పగా చెప్పుకొనెను.

బండిని క్రైస్టుచర్చిలో అప్పగించితిమి. ట్యాంకులు ఖాళీచేసి, డీజిలు నింపి, గిన్నెలు లెక్కకు ఇచ్చి, నడచిన కిలోమీటర్లకు సుంకము చెల్లించి, ముందుగా పట్టియుంచిన పూచీ సొమ్ము విడిపించుకొనునప్పటికి మధ్యాహ్నమైనది. బండికి గీత పడినచో ఆ సొమ్ములోనుండి తీసికొందురు. కావున ఎక్కుదినముననే నాలుగువైపుల ఫోటోలు తీసియుంచుకొనుట మంచిది. పొట్టిపీట మా సామానే గాని విమానములో బరువు. దానిని ఏమి చేయుదమని అడుగగా అత్తగారు తుడిచి, మెట్టు ప్రక్కన తిరుగవేసి, "వెనుక వచ్చు వారిలో మోకాళ్లు నొప్పి గలవారు ఉండకపోరు" అని అచ్చటనే ఉంచిరి.